మేమిచ్చే గ్రాంట్ల నుంచి మేమే నేర్చుకోవడం ఎలా?

ట్రస్టు సభ్యుడు (ప్రశ్న):
మాది ఒక చిన్న కుటుంబ ట్రస్టు. ప్రభుత్వ బడుల్లో చదువు మెరుగుపరచడానికి పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు ఏటా గ్రాంట్లు ఇస్తున్నాము. ప్రతి సంస్థా ఏడాది చివర నివేదిక, ఫొటోలు, డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని ధ్రువీకరించే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపుతుంది. లెక్కలన్నీ సక్రమంగానే ఉంటాయి. అయినా ఏ గ్రాంటు పనికివచ్చింది, ఏది రాలేదు అన్నది వాటి నుంచి తేలడం లేదు. మరుసటి ఏడు ఎవరికివ్వాలన్నది మళ్లీ పరిచయాలను బట్టీ, సమావేశంలో ఎవరు గట్టిగా మాట్లాడారన్నదాన్ని బట్టీ తేలిపోతోంది. బయటివారి చేత మూల్యాంకనం చేయించాలని కొందరు సభ్యులు, ఆ డబ్బు కూడా బడులకే ఇవ్వాలని మరికొందరు అంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

లెక్కల మాస్టారు:
ఈ విషయంలో మన దగ్గర జరిగిన పనే మీకు బాగా ఉపయోగపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ప్రాథమిక పాఠశాలల్లో అధ్యయనాలు చేయించాయి. లాటరీ పద్ధతిలో ఎంపికైన కొన్ని బడులకు, పిల్లలు నేరుగా వాడే నోటు పుస్తకాల వంటి వస్తువుల కోసం నగదు గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి; రెండో ఏడు అదే గ్రాంటు అందినా ఆ మేలు కనిపించలేదు. రెండో ఏడు డబ్బు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకోవడమే అందుకు కారణమని పరిశోధకులు తేల్చారు. సర్టిఫికెట్ల మీదే ఆధారపడి ఉంటే రెండేళ్లూ ఒకేలా కనిపించేవి.

అదే వరుసలో మరో అధ్యయనంలో, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేశారు. పరిశీలకులు తరగతిలో కూర్చున్నప్పుడు ఆ ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధగా కనిపించారు గాని, విడిగా పెట్టిన పరీక్షల్లో పిల్లల మార్కులు పెరగలేదు. చెప్పి వెళ్లే తనిఖీలను నమ్ముకునే ట్రస్టులన్నీ దీన్ని గమనించాలి.

గ్రామీణ కార్యకర్త:
గ్రాంటు తీసుకునే పక్షం నుంచి చెబుతున్నాను. వచ్చే ఏటి డబ్బు ఈ ఏటి నివేదిక మీద ఆధారపడి ఉన్నంతకాలం, అందులో ఇబ్బందులు రాసే సంస్థ అరుదు. అమెరికాలోని సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ అనే సంస్థ, గ్రాంట్లు పొందినవారి అభిప్రాయాలను పేర్లు బయటపెట్టకుండా సేకరించి, ఆ దాత మిగతా దాతలతో పోలిస్తే ఎక్కడ ఉన్నారో చెబుతుంది. మీరు సాయం చేసే సంస్థలు పట్టుమని పది కూడా లేకపోతే ఎవరేమి రాశారో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి, మీకు ఆ పద్ధతి యథాతథంగా పనిచేయదు. దానికి బదులు రెండు మూడేళ్ల గ్రాంటు ముందే ఖాయం చేసి, ఆ తరువాత ఏమి కుదరలేదో అడగండి. జవాబులు వేరుగా వస్తాయి.

పాత ధర్మకర్త:
పై ఇద్దరూ గ్రాంటు పొందినవారి పని గురించి రాశారు. ట్రస్టు పరిశీలించుకోవలసింది ముందుగా తన నిర్ణయాలను. అమెరికాలోని హ్యూలెట్ ఫౌండేషన్ 1996లో శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలోని మూడు పేదవాడల అభివృద్ధికి ఒక పెద్ద కార్యక్రమం తలపెట్టి, దాదాపు పదేళ్లలో 2 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించింది. ఆశించినంత ఫలితం రాలేదు. 2007లో ఆ సంస్థే ఒక సమీక్షను ప్రచురించింది. లక్ష్యాల విషయంలో దాతకూ, నిర్వహించిన సంస్థలకూ, వాడల ప్రజలకూ మొదటి నుంచీ ఏకాభిప్రాయం లేదని అందులో బాహాటంగా రాశారు. నిర్వాహకుల నివేదికలను ఎంత తిరగేసినా ఆ లోపం దొరకదు, ఎందుకంటే అది గ్రాంటు మంజూరైన రోజునే ఉంది.

కనుక మంజూరు చేసే రోజునే ఒక పేజీ రాసి పెట్టుకోండి: ఎందుకు ఇస్తున్నాము, ఏడాదికి ఏ మార్పు వస్తుందనుకుంటున్నాము, ఏమి జరిగితే ఆపేస్తాము, ఎవరు అభ్యంతరం చెప్పారు. పొడిగింపు గురించి చర్చించే ముందు ఆ పేజీని పైకి చదవండి. తిరస్కరించిన దరఖాస్తులకు కూడా కారణం నమోదు చేయండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు. ఇక బయటి మూల్యాంకనం అంటారా, దాని ఫలితం ఎటు వచ్చినా మీ నిర్ణయం మారదనుకుంటే ఆ ఖర్చు దండగ.

ట్రస్టు సభ్యుడు:
కృతజ్ఞతలు. ఆ పేజీని సంస్థకు చూపించవచ్చా?

గ్రామీణ కార్యకర్త:
తప్పక చూపించండి. మీ అంచనా అసాధ్యమైతే డబ్బు తీసుకోకముందే చెబుతాము.

లెక్కల మాస్టారు:
చూపించవచ్చు గాని, చూపించిన అంకె మీదే పని అంతా నడిచే ప్రమాదం ఉంది. అందుచేత పిల్లలకు పరీక్ష పెట్టేవారు, ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఆ సంస్థ మనుషులు కాకుండా చూసుకోండి. పక్క మండలంలోని విశ్రాంత ఉపాధ్యాయులు ఇద్దరు చాలు.