కొత్త డెత్ మెటల్ ఆల్బమ్‌ల డ్రమ్స్: మనిషి దెబ్బా, మెషీన్ దెబ్బా?

పాత_క్యాసెట్ (తిరుపతి)
రెండేళ్లుగా వస్తున్న డెత్ మెటల్ (మెటల్ సంగీతంలో వేగం, గరుకు గొంతు ఎక్కువున్న రకం) ఆల్బమ్‌లు వరసబెట్టి వింటే కిక్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) అన్నిట్లో ఒకటే. టైప్ మిషన్ కొట్టినట్టు టిక్కు టిక్కు. మొదటి దెబ్బకీ నూరో దెబ్బకీ తేడా లేదు. బ్లడ్ ఇన్‌కాంటేషన్ బ్యాండ్ వాళ్ల 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్' (అక్టోబరు 2024) పక్కన పెట్టుకుని వినండి. బెర్లిన్ హాన్సా స్టూడియోలో చేశారు, నిర్మాత ఆర్థర్ రిజ్క్. ఉన్నవి రెండే పాటలు, ఒక్కోటి ఇరవై నిమిషాల పైనే. అందులో తోలు మోగుతుంది, డ్రమ్స్ చుట్టూ ఒక గది ఉన్నట్టు తెలుస్తుంది. నా మాట ఒక్కటే: శాంపుల్ (ముందే రికార్డు చేసి ఉంచిన దెబ్బ) పెట్టి అసలు దెబ్బ మార్చిన దాన్ని డెత్ మెటల్ అనకూడదు.

నీవా_ఒడ్డు (చిత్తూరు)
అన్నా, ముందు లెక్క చూడు. 240 బీపీఎమ్‌లో (నిమిషానికి 240 తాళాలు) పదహారో నోట్లు వాయిస్తే సెకనుకి 16 దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య 62.5 మిల్లీసెకన్లు. మామూలు కిక్ డ్రమ్ మోత 200 మిల్లీసెకన్లు సాగిందనుకో, ఒక దెబ్బ మోగుతుండగానే ఇంకో మూడు దెబ్బలు మీద పడతాయి. వినేవాడికి ఒకటే గురగుర. అందుకే తోక కత్తిరించి 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య క్లిక్ పెంచుతారు. అది సోమరితనం కాదు, అవసరం. నిదానంగా నడిచే పాటలో గది వినపడుతుంది. ఆ వేగంలో గది బురదే.

శాంపుల్ పాడయ్యేది వాడినందుకు కాదు, తప్పుగా వాడినందుకు. ఒకే శాంపుల్‌ని ఒకే వెలాసిటీలో (దెబ్బ బలం చెప్పే అంకె) పెడితే మరఫిరంగే. దెబ్బకి నాలుగైదు వేర్వేరు శాంపుల్స్ తిప్పాలి, వెలాసిటీ 95 నుంచి 118 మధ్య ఊగాలి. మైక్ తీసిన అసలు దెబ్బ నలభై శాతమైనా కింద ఉంచాలి. రెండింటి ఫేజ్ (శబ్ద తరంగాల ఎత్తుపల్లాలు) కలవకపోతే అడుగు మోత మాయమవుతుంది, అప్పుడే నీకు ఆ ఉత్త టిక్కు టిక్కు వినిపించేది. రీట్రిగ్గర్ సమయం (ఒక శాంపుల్ పలికాక ఇంకోటి పలికే ముందు ఆగే సమయం) 62 మిల్లీసెకన్లు దాటితే రెండో దెబ్బని మింగేస్తుంది, మరీ తగ్గిస్తే ఒక దెబ్బకి రెండు పలుకుతాయి.

చంద్రగిరి_డూమ్
మా డూమ్ మెటల్ నిదానం, 60 బీపీఎమ్ దగ్గర ఈ గొడవలేవీ లేవు సామీ.

పాత_క్యాసెట్
లెక్కలు సరే. ఒక ఆల్బమ్ సీడీ డీఆర్ (పీక్‌కీ, అంటే అతి ఎత్తైన శబ్దానికీ, సగటు శబ్దానికీ మధ్య తేడా చెప్పే అంకె) 5 చూపిస్తుంటే దాని ఎల్పీ డీఆర్ 11 ఎందుకు చూపిస్తుంది? అసలు డ్రమ్స్ ఎల్పీలో ఉన్నాయి, మనకి అమ్మేది నలిపేసింది. దీనికి జవాబు చెప్పు.

నీవా_ఒడ్డు
ఆ రెండింటికీ మాస్టర్ (అమ్మకానికి సిద్ధం చేసిన చివరి రికార్డింగ్) ఒకటే అయ్యుండొచ్చు. డీఆర్ మీటర్ చూసేది పాటలో అతి పెద్ద శబ్దమున్న 20 శాతం భాగం సగటు బలాన్ని, పీక్‌తో పోల్చి. ఎల్పీ కోసేటప్పుడూ సూదితో వాయించేటప్పుడూ ఫేజ్ జరిగి, లిమిటర్ (పీక్‌లని అణిచే సాధనం) చదును చేసిన చోట మళ్లీ ముళ్లు లేస్తాయి. మీటర్ అంకె పెరుగుతుంది, పోయిన దెబ్బ తిరిగి రాదు. ఎల్పీ అంకెని పట్టుకుని వాదించొద్దు.

పాత_క్యాసెట్
ఎల్పీ డీఆర్ 11. నేను చదివింది అదే.

కపిలతీర్థం_ఫజ్
గిటార్‌ని ఎవరూ తలచరేం? బాస్ (Boss) కంపెనీ హెచ్‌ఎం-2 డిస్టార్షన్ పెడల్ నాలుగు నాబ్‌లూ చివరికి తిప్పితే 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలంతా అదే నిండిపోతుంది. 1990లో స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియో నుంచి వచ్చిన ఆ రంపం మోతని ఇప్పుడు ప్రతి కొత్త బ్యాండూ పెట్టుకుంటోంది. స్నేర్‌కి (కర్రలతో కొట్టే, కింద తీగలున్న డ్రమ్) చోటెక్కడ? చోటు లేక శాంపుల్ బిగిస్తున్నారు.

అలిపిరి_బ్లాస్ట్
అసలు దోషి లిమిటర్. మాస్టర్‌ని -6 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (వినపడే బిగ్గరతనం కొలత) తోస్తారు, స్పాటిఫై మామూలు సెట్టింగులో దాన్ని -14కి దించేస్తుంది. ఎనిమిది డెసిబెల్స్ గోలకోసం స్నేర్ మొదటి దెబ్బ గొరిగేశారు, ఆ గోల కూడా మిగల్లేదు.

నీవా_ఒడ్డు
అదీ మాట. శాంపుల్ మీద కోపం తప్పుచోట పడతా ఉండాది. ఇంకోటి: మెషుగ్గా బ్యాండ్ 2005లో తెచ్చిన 'క్యాచ్ థర్టీత్రీ' మొత్తం ప్రోగ్రామ్ చేసిన డ్రమ్సే. గాడ్‌ఫ్లెష్ బ్యాండ్ 1989లో 'స్ట్రీట్‌క్లీనర్' డ్రమ్ మెషీన్‌తో చేసింది, 2023లో 'పర్జ్' కూడా అంతే. ఇవి మెటల్ కావా?

పాత_క్యాసెట్
వాళ్లు మెషీన్‌ని మెషీన్‌లాగే వినిపించారు, దాచలేదు. ఇక్కడ దాస్తున్నారు. మనిషి వాయించలేనిది వాయించినట్టు చూపడం మోసం.

నీవా_ఒడ్డు
మోసమా? పోయిన నెల ఇక్కడ పెట్టిన మా నాలుగు పాటల డెమోని వినకుండానే 'టైపు కొట్టిన డ్రమ్స్' అని కొట్టిపారేసింది నువ్వే. ఒక కిట్‌కి కిక్ 1, స్నేర్ పైనా కిందా 2, టామ్స్ 3, ఓవర్‌హెడ్స్ (సింబల్స్ పైన పెట్టే మైకులు) 2, మొత్తం 8 మైకులు. 8 ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకులని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కావాల. పది బై పది కాంక్రీటు గదిలో 56 హెర్ట్జ్ దగ్గర మోత నిలబడిపోతాది, కిక్ సరిగ్గా అక్కడే ఉంటాది. గోడకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ఆ అడుగు మోత ఒక్క పిసరు తగ్గదు. పక్కింటోళ్లు ఊరుకోరు. బెంగళూరో మద్రాసో పోయి స్టూడియో తీసుకోగలిగినోడే మెటల్ చేయాల అంటావా? అదే కదా నువ్వు చెప్తా ఉండేది?

పాత_క్యాసెట్
నేను డ్రమ్మర్ని. ఇది మొదట్లోనే చెప్పాల్సింది. మన ఊళ్లో ఇప్పుడు బ్యాండ్ అంటే ఇద్దరు గిటారిస్టులు, ఒక ల్యాప్‌టాప్. డ్రమ్మర్ని పిలిచేవాడే లేడు. డబుల్ పెడల్ మీద 120 నుంచి 200కి రావడానికి ఏళ్లు పడుతుంది, ఎవరూ పిలవనప్పుడు ఎవడు నేర్చుకుంటాడు? నీ డెమోలో నాకు మండింది శబ్దం కాదు. ఆ కుర్చీలో మనిషి లేడు.

అలిపిరి_బ్లాస్ట్
ఇది ముందే చెప్పుంటే ఎల్పీ గొడవ తప్పేది కదన్నా.

నీవా_ఒడ్డు
పిలవకపోవడం మా తప్పే. కానీ గది సంగతి అట్లనే ఉండాది.

కపిలతీర్థం_ఫజ్
ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కల్యాణ మండపాలు ఖాళీ. పగలు అడిగి చూడండి. పెద్ద హాలు కాబట్టి మోత ఎక్కువ: కిట్ చుట్టూ మూడు వైపులా షామియానా గుడ్డ మడతలుగా వేలాడదీయండి, నాలుగో వైపు పరుపులు నిలబెట్టండి. ఓవర్‌హెడ్స్ సింబల్స్‌కి రెండడుగుల్లోనే ఉండాలి. దూరం మైక్ పెడితే బ్లాస్ట్ బీట్‌లో (అతి వేగంగా వాయించే భాగాల్లో) దాన్ని కట్టేయండి, నిదానం భాగాల్లో తెరవండి. కిక్ తోలు మీద 27 మిల్లీమీటర్ల పైజో బిళ్ల (అదురుని కరెంటుగా మార్చే సెన్సర్) టేపుతో అంటించి, దాన్ని జాక్‌కి కలిపి వేరే ట్రాక్‌లో తీసుకోండి. తర్వాత శాంపుల్ కావాలంటే దాన్నుంచే నడుస్తుంది. సింబల్ మోత దాంట్లోకి దాదాపు రాదు కాబట్టి తప్పు దెబ్బలు పడవు.

పాత_క్యాసెట్
కిట్ నాది తెస్తాను. 200 వరకు వాయిస్తాను, 240 నావల్ల కాదు. మీ డెమోలో 240 పాట ఉంటే దాని వేగం తగ్గించండి.

నీవా_ఒడ్డు
210 చేద్దాం. కిక్‌కి కొంచెం శాంపుల్ కలుపుతా, ముందే చెప్తా ఉండా.

పాత_క్యాసెట్
కిక్‌కి సరే. స్నేర్ జోలికి వస్తే ఒప్పుకోను.