మిరప యార్డులో గుమాస్తాని, స్వేచ్ఛా మార్కెట్ అర్థశాస్త్రం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

యార్డు గుమాస్తా:

అందరికీ నమస్కారమండీ. గుంటూరు మిరప యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. బీకాం ఎప్పుడో చదివాను. మొన్న సంక్రాంతికి మా బావగారితో మాటా మాటా పెరిగింది. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. "మార్చిలో చవగ్గా కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దసరాకి అమ్ముకునేవాడు దొంగ కాక మరేంటయ్యా" అన్నారు. ఆ సరుకు పద్దులు రాసేది నేనే. స్టోరేజీ అద్దె, వడ్డీ, తరుగు, రంగు తగ్గితే పడే కోత, అన్నీ నా చేత్తోనే వేస్తాను. టిక్కీకి, అంటే మిరప బస్తాకి, ఇంతని మిగిలిన ఏళ్లు చూశాను, అద్దె కూడా రాక తలపట్టుకున్న ఏళ్లూ చూశాను. బావగారి మాట తప్పనిపిస్తోంది గానీ, ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. పద్ధతిగా చదవాలనుంది. ఇంగ్లీషు నిదానంగా చదవగలను. గ్రాఫులు లేనివి, వీలైతే ఉచితంగా దొరికేవి చెప్పండి.

పాత లెక్చరర్:

మీ ప్రశ్న మీద ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడండీ. 'వెల్త్ ఆఫ్ నేషన్స్' నాలుగో భాగం, అయిదో అధ్యాయంలో ధాన్యం వ్యాపారం గురించి విడిగా ఒక చర్చ ఉంటుంది. పుస్తకం మొత్తం ఇప్పుడు వద్దు, ఆ పేజీలు చాలు. కరువు ఏడాది ధాన్యం నిల్వపెట్టే వ్యాపారిని ఆయన ఓడ కెప్టెన్‌తో పోలుస్తాడు. తిండి గింజలు ఒడ్డు చేరేదాకా సరిపోవని ముందే పసిగట్టిన కెప్టెన్ మనిషికింత అని రేషను తగ్గిస్తాడు. వ్యాపారి ధర పెంచినప్పుడూ జరిగేది అదే, జనం ముందునుంచే పొదుపుగా వాడతారు, సరుకు వచ్చే పంటదాకా నిలుస్తుంది. అత్యాశకి పోయి మరీ దాచాడా, కొత్త పంట దిగి తనే మునుగుతాడు. ఆ మునిగిన లెక్కలు మీ పద్దుల్లోనే ఉన్నాయి కదా, మీ బావగారికి అవి చూపించండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. వ్యాపారుల్ని నెత్తిన పెట్టుకోవడమే స్వేచ్ఛా మార్కెట్ అనుకోకండి. ఒకే వ్యాపారం వాళ్లు నలుగురు చేరితే మాట చివరికి ధర పెంచే కుట్ర దగ్గరే తేలుతుందని రాసింది కూడా స్మిత్తే. యార్డులో కొనేవాళ్లంతా కూడబలుక్కుని పాట తగ్గిస్తే అది పోటీని చంపడమే. నిల్వపెట్టడం వేరు, కుమ్మక్కవడం వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం చదివేసినట్టే.

నేను జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు డిమాండ్ రేఖ గీసి పాఠం మొదలుపెట్టాను. పిల్లలు గీసుకునేవారు, మరిచిపోయేవారు. తర్వాత జేబులోంచి పెన్సిల్ తీసి "దీన్ని మొత్తంగా తయారు చేయగల మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టాను. వెనక బెంచీ కూడా తలెత్తింది. ఏ ఒక్కరివల్లా కాదని చెప్పేదే లియొనార్డ్ రీడ్ 1958లో రాసిన 'ఐ, పెన్సిల్' అనే చిన్న వ్యాసం. ఒక్క రాత్రిలో అయిపోతుంది.

ఆ తర్వాత ఫ్రెంచి రచయిత బాస్తియా 1850లో రాసిన 'కనిపించేది, కనిపించనిది'. కొట్టు అద్దం పగిలితే అద్దాలవాడికి ఆరు ఫ్రాంకుల పని దొరికింది, అది కంటికి కనిపిస్తుంది. ఆ ఆరు ఫ్రాంకులతో కొట్టాయన కొనుక్కోవాలనుకున్న చెప్పులు మాత్రం ఎవరికీ కనిపించవు. హాజ్లిట్ 1946లో రాసిన 'ఎకనామిక్స్ ఇన్ వన్ లెసన్' పుస్తకమంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. అధ్యాయాలు చిన్నవి, రోజుకొకటి చదవొచ్చు.

కాస్త అలవాటయ్యాక ఆర్థికవేత్త హాయెక్ 1945 వ్యాసం, 'ది యూజ్ ఆఫ్ నాలెడ్జ్ ఇన్ సొసైటీ'. వాక్యాలు బరువుగా ఉంటాయి, రెండుసార్లు చదవాలి. కానీ మీకంటే బాగా అర్థం చేసుకోగలవాళ్లు లేరు. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది గుర్తుందా? ఎక్కడో పచ్చళ్ల కంపెనీ వాడికి ఆ పురుగు పేరు కూడా తెలీదు. ధర పెరిగింది కాబట్టి కారం చూసి వాడాడు. రైతు తర్వాతి ఏడు ఇంకో ఎకరం మిరప వేశాడు. ఎవరూ ఎవరికీ ఉత్తరం రాయలేదు, కబురంతా ధరే మోసింది. హాయెక్ తగరాన్ని ఉదాహరణగా తీసుకుని చెప్పింది అచ్చంగా ఇదే.

పొన్నూరు నుంచి:

చదవడం కష్టమైన రోజున వీడియోలు చూడండి. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1980లో చేసిన 'ఫ్రీ టు చూజ్' పది భాగాలు నెట్‌లో ఉన్నాయి. మొదటి భాగంలో ఆయన చేతిలోనూ పెన్సిలే. ప్రతి భాగం రెండో సగంలో ఆయనతో పడనివాళ్లు ఎదురుగా కూర్చుని వాదిస్తారు, ఆ సగం తప్పక చూడండి. మన రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారిది మా పక్క నిడుబ్రోలే. స్వేచ్ఛా మార్కెట్ వైపు నిలబడ్డ స్వతంత్ర పార్టీకి 1959లో మొదటి అధ్యక్షుడు ఆయనే. రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని సహకార సేద్యాన్ని ఆయన ఎందుకు ఎదిరించారో కూడా చదవండి. ఈ ఆలోచనలు మనకి పరాయివేం కావు.

మిరప రైతు కొడుకు:

లెక్చరర్ గారి మాటలు బాగున్నాయి గానీ, కల్లం వైపు నుంచి కూడా చూడండి. మా నాన్న, నేను టిక్కీల మీదే రెండు రాత్రులు పడుకున్నాం. మూడో రోజు వచ్చిన ధరకి ఇచ్చేశాం, పురుగుమందుల కొట్లో బాకీ ఆగదు కాబట్టి. దాచుకునే స్తోమత ఉన్నవాడికే దసరా ధర. ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మిరపని ఆదుకునే ధరగా క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. మార్కెట్ ఎక్కడ తడబడుతుందో చెప్పేవి కూడా చదవండి. పాత కార్ల బజారు మీద అకెర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం అలాంటిది. సరుకు నాణ్యత ఒక పక్షానికే తెలిస్తే ఏమవుతుందో చెబుతుంది.

పాత లెక్చరర్:

తమ్ముడూ, మీ నాన్నగారిది నిజమైన కష్టం, కాదనను. కానీ నన్నడిగితే ఆయనకి లేనిది అప్పు. నిల్వ రసీదు తాకట్టు మీద సకాలంలో రుణం అందితే దసరా ధర ఆయనకీ దక్కేది. ఒక రేటు ప్రకటించినంత మాత్రాన ఆ పని జరగదు. అకెర్లాఫ్ మాత్రం తప్పక చదవాల్సిందే, మొదటి పేజీలు లెక్కలు లేకుండానే నడుస్తాయి.

యార్డు గుమాస్తా:

అందరికీ ధన్యవాదాలండీ. స్మిత్ పేజీలు ప్రింటు తీయించాను. మధ్యాహ్నం కాటాలు ఆగిన గంటలో ఓడ కెప్టెన్ దగ్గరికి వచ్చాను, పక్కన పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకుంటున్నాను. 2022 నుంచి 2025 దాకా మా కొట్టు నిల్వ పద్దులు ఏడాది వారీగా ఒక కాగితం మీదకి ఎక్కిస్తున్నాను. పేర్లు తీసేసి ఆదివారం ఇక్కడ పెడతాను. రైతు కొడుకు గారూ, మీరు అమ్మిన ఏడు, నెల, ధర చెబితే పక్క వరసలో వేస్తాను.