ఫియోర్డ్‌లాండ్ ప్రయాణం: రోడ్డు, పడవ, నడక కలిపేదెలా?

ప్రశ్న: ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని ఫియోర్డ్‌లాండ్‌కు వెళ్తున్నాము. టె అనౌ ఊళ్లో మకాం పెట్టి, కారులో మిల్‌ఫోర్డ్ సౌండ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చేరి, పడవ ఎక్కి, అదే రోజు తిరిగి రావచ్చా? 68 ఏళ్ల మా నాన్నగారు కొంతైనా నడవాలంటున్నారు.

జవాబు 1: రావచ్చండీ. దూరం దాదాపు 120 కిలోమీటర్లే అయినా, కొండ మలుపులూ, ఆగి చూడాలనిపించే చోట్లూ ఎక్కువ కాబట్టి వెళ్లడానికే రెండున్నర గంటలు పెట్టుకోండి. దారిలో ఫోను సిగ్నలు దాదాపు ఉండదు. పెట్రోలు టె అనౌలోనే నింపుకోండి. 1954లో తెరిచిన హోమర్ సొరంగం దగ్గర కారు ఆపితే, కియా అనే ఆకుపచ్చ కొండచిలుకలు పైకెక్కి, కిటికీ అంచుల రబ్బరును ముక్కుతో పీకుతాయి. ఎంత ముద్దొచ్చినా తిండి పెట్టకండి.

జవాబు 2: వాన పడుతోందని పడవ మానుకోకండి. అక్కడ ఏటా 6 మీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. ఎండ రోజున కనిపించని జలపాతాలు వానలోనే నల్లని రాతిగోడల మీద తెల్లని దారాల్లా జారుతాయి. నాకైతే అలాంటిదే మరో సముద్రపు పాయ, డౌట్‌ఫుల్ సౌండ్, ఇంకా నచ్చింది. మనపౌరి సరస్సును పడవలో దాటి, విల్మట్ కనుమ మీదుగా బస్సులో వెళ్లి, మళ్లీ పడవ ఎక్కాలి.

జవాబు 3: మిల్‌ఫోర్డ్ ట్రాక్ 53.5 కిలోమీటర్లు, నాలుగు రోజుల నడక. మీరు వెళ్లే సీజనులో దారిలో రాత్రి బస చేసే గుడిసెలు చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. నాన్నగారికి కీ సమ్మిట్ అనే కొండ మీదికి నడక మేలు: రానుపోను సుమారు మూడు గంటలు. శాండ్‌ఫ్లైలు అనే కుట్టే చిన్న ఈగలు చీలమండలను వదలవు, పొడుగు మేజోళ్లు తొడగండి.