120 జీబీ ఐపాడ్ క్లాసిక్‌లో 256 జీబీ కార్డు పడుతుందా?

తోటపాలెం_శ్రోత:
ఊరు విజయనగరం. ఐపాడ్ క్లాసిక్ 120 జీబీ, వెనక పలక మీద ఏ1238 అని ఉంది. పాట మారేటప్పుడు లోపల టిక్కుటిక్కుమంటోంది, ఒక్కోసారి సగంలో వదిలేసి తర్వాతి పాటకి దూకేస్తోంది. డిస్క్ తీసేసి ఎస్‌డీ కార్డు వేద్దామని ఉంది. ఎక్కించాల్సినవి: క్యాసెట్ల నుంచి దింపిన హరికథలు, వయొలిన్ కచేరీలు 160 గంటలు, వేవ్ ఫైళ్లు (కుదించనివి), 101 జీబీ. సినిమా పాటలు ఎంపీ3లో ఇంకో 60 జీబీ. అందుకే 256 కార్డు అనుకుంటున్నా. గంటస్తంభం దగ్గర షాపుల్లో కార్డులున్నాయి గానీ డిస్క్ చోట కార్డు బిగించే అడాప్టర్ అంటే ఎవరికీ తెలియట్లేదు.

ఏడురోడ్లు_సిక్కోలు:
256 కొనకండి. ఏ1238 అన్నది 2007, 2008, 2009 మోడళ్లన్నిటికీ ఉంటుంది, దాంతో ఏమీ తేలదు. సెట్టింగ్స్‌లో అబౌట్‌కి వెళ్లి మధ్య బటన్ నొక్కుతూ పోతే మోడల్ నంబరు కనబడుతుంది. ఎంబీ562 గానీ ఎంబీ565 గానీ అయితే 2008 నాటి 120. దాని సొంత ఫర్మ్‌వేర్, అంటే లోపల నడిపే ప్రోగ్రాము, డిస్క్‌లోని గడులకి (సెక్టర్లకి) చిరునామా రాయడానికి 28 బిట్లే వాడుతుంది. ఒక్కో సెక్టర్ 512 బైట్లు కాబట్టి లెక్క సుమారు 13,740 కోట్ల బైట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ పైన కార్డులో ఎంత చోటున్నా దానికి అందదు. 128 జీబీ కార్డు 12,800 కోట్ల బైట్లు, గీత లోపలే. కంప్యూటర్‌లో 119 అని చూపిస్తే నకిలీ అనుకోవద్దు, అది 1024 లెక్క. నకిలీయో కాదో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో కార్డు నిండా రాయించి చూస్తేనే తెలుస్తుంది. ఎంసీ293, ఎంసీ297 అయితే 2009 నాటి 160, వాటికి ఈ బాధ లేదు.

విప్పేముందు అసలు జబ్బు డిస్క్‌దేనా చూడండి. మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కి పట్టుకోండి. యాపిల్ గుర్తు రాగానే వదిలి మధ్య బటన్, వెనక్కి బటన్ కలిపి పట్టుకోండి. డయాగ్నస్టిక్ మెనూలో ఐఓ, హార్డ్‌డ్రైవ్, స్మార్ట్ డేటాకి (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) వెళ్లండి. పెండింగ్ సెక్టర్లు (చదవడం కుదరక ఆగినవి) సున్నా కాకపోతే, రీఅలోక్స్ (పాడై వేరే చోటికి మార్చినవి) అంకె చూసిన ప్రతిసారీ పెరుగుతుంటే ఇక ఆశ వదులుకోండి. అందులో మాత్రమే ఉన్న ఫైళ్లేవైనా ఉంటే ఇవాళే దింపుకోండి.

పాలకొండరోడ్డు:
ఇంత తిప్పలెందుకండీ, కార్డు స్లాటు, 3.5 జాక్ ఉన్న ఫోను చాలదా? 2016లో జియో వచ్చాక ఇక్కడ పాటలెక్కించే షాపులే మూతపడ్డాయి.

ఏడురోడ్లు_సిక్కోలు:
ప్లేయర్లు పోయింది చోటు చాలక కాదు లెండి. 2001లో మొదటి ఐపాడ్ 5 జీబీ, 2009కి 160. జనం వెళ్లింది మాత్రం 2007లో 4, 8 జీబీతో వచ్చిన ఐఫోన్ లాంటి వాటి వైపు. 2008 ఆర్థిక సంవత్సరంలో 5.48 కోట్ల ఐపాడ్లు అమ్ముడయ్యాయి, అదే శిఖరం. 2014 సెప్టెంబరులో క్లాసిక్ ఆపేశాక యాపిల్ సీఈఓగా టిమ్ కుక్ చెప్పిన కారణం విడిభాగాలు దొరకడం లేదని. ఆ 1.8 అంగుళాల డిస్కు కొత్తది మీకూ దొరకదు, దొరికినా పాతదే. కార్డే దారి.

బొబ్బిలి_వీణ:
అడాప్టర్ ఆన్‌లైన్‌లోనే. ఐఫ్లాష్ సోలో అని వెతకండి, పెద్ద ఎస్‌డీ కార్డు ఒకటి పడుతుంది. విప్పడమే కష్టం. ఇది మొత్తం లోహం, క్లిప్పులు గట్టివి, ప్లాస్టిక్ పలక వంగిపోతుంది. పల్చటి ఉక్కు పలకతో పక్క నుంచి మొదలెట్టండి, అంచు కొంచెం సొట్టపోవడం ఖాయం. తెరుచుకోగానే పుస్తకంలా లాగేయకండి. వెనక పలక నుంచి బోర్డుకి బ్యాటరీ రిబ్బన్ ఉంటుంది, తెగితే పని రెట్టింపు. ముందు దాని లాచ్ ఎత్తి ఊడదీసి, తర్వాతే హెడ్‌ఫోన్ రిబ్బన్, డిస్క్ రిబ్బన్. కొత్త అడాప్టర్‌లో డిస్క్ రిబ్బన్ వెంట్రుకవాసి వంకరగా దిగినా తెర మీద ఎర్ర ఇంటూ గుర్తు వస్తుంది. కార్డు పోయిందనుకోకుండా మళ్లీ తీసి పెట్టండి. కార్డు డిస్క్ కంటే పల్చన, లోపల గలగలాడకుండా రెండు వైపులా అతికే స్పాంజి ముక్క వేయండి. మూత పూర్తిగా నొక్కేముందే ఐట్యూన్స్‌లో రీస్టోర్ చేసి చూసుకోండి.

ఇక ఆ 161 జీబీ. పాత క్యాసెట్ హరికథ చాలావరకు మోనోనే, మీరు స్టీరియోగా దింపారంతే. ఒక ఛానెల్ చేస్తే 50. దాన్ని యాపిల్ లాస్‌లెస్ (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి) చేస్తే ఇంకా తగ్గుతుంది, కాకపోతే టేపు బుస కుదించుకోదు కాబట్టి 30, 35 దగ్గర ఆగొచ్చు. ఎంపీ3లతో కలిపినా 95కి మించదు. వేవ్ అసళ్లు మాత్రం వేరే హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. ఐట్యూన్స్‌లో ఆ ఫైళ్లన్నిటికీ ఆగిన చోటు గుర్తుంచుకునే టిక్కు, షఫిల్‌లో వదిలేసే టిక్కు రెండూ పెట్టండి. లేదంటే రెండు డ్యూయెట్ల మధ్య రెండు గంటల రుక్మిణీ కల్యాణం వచ్చి కూర్చుంటుంది.

తోటపాలెం_శ్రోత:
ఎంబీ565. పెండింగ్ 38. సరే, 128 కార్డే. మోనో చేయడమంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాములో రెండు ఛానెళ్లూ కలిపేయడమేనా?

బొబ్బిలి_వీణ:
కలపొద్దు. క్యాసెట్ హెడ్ ఏమాత్రం వాలి ఉన్నా రెండు ఛానెళ్ల మధ్య అణువంత ఆలస్యం ఉంటుంది. కలిపితే పై స్థాయులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని వయొలిన్ గుడ్డ కప్పినట్టు వినిపిస్తుంది. స్టీరియో ట్రాక్‌ని రెండు మోనోలుగా విడదీసి, ఒక్కొక్కటే విని, బుస తక్కువున్నది ఉంచి రెండోది తీసేయండి.