తాబేలు గుడ్లను తరలించాలా, అక్కడే వదిలేయాలా?

నమస్కారం. సముద్ర తాబేళ్ల గూళ్లకు కాపలా కాసే వాలంటీర్ల బృందంలో ఈమధ్యే చేరాను. రెండు విషయాల్లో ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అలలు ముంచేసే చోట, కుక్కలు తవ్వేసే చోట ఉన్న గుడ్లను తీసి కంచె వేసిన హేచరీలో (గుడ్లు భద్రంగా పొదగడానికి ఏర్పాటు చేసిన చోటు) పాతిపెడతాం. కానీ గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు అటూ ఇటూ దొర్లితే పిండం చచ్చిపోవచ్చు. మాకు గూడు కనబడేసరికి ఒక్కోసారి బాగా తెల్లారిపోతుంది, తల్లి ఎప్పుడు వచ్చి వెళ్లిందో తెలియదు. అలాంటప్పుడు గుడ్లను ముట్టుకోకుండా అక్కడే వల కప్పి కాపలా కాయడం మేలా?

రెండోది ఇసుక వేడి. పిల్ల ఆడదా మగదా అన్నది ఆ వేడిని బట్టే ఉంటుంది కదా. సుమారు 29 డిగ్రీలు దాటితే ఆడవి ఎక్కువ. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల ఉత్తర భాగంలో పుట్టి, ఇంకా పూర్తిగా ఎదగని పచ్చ తాబేళ్లలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో శాస్త్రవేత్తలు చెప్పారు. అది చదివినప్పటి నుంచి మా హేచరీ ఎండలో ఉండటం చూస్తుంటే గుండె దడగా ఉంది. మంచి చేద్దామని చెడు చేస్తున్నామా?

నీడ పరదా కట్టడం, ఇసుకపై నీళ్లు చల్లడం, ఈ రెండింటిలో ఏది సురక్షితం? తడి ఎక్కువైతే గుడ్లు పాడవుతాయా? థర్మామీటర్ గుడ్ల లోతులోనే పెట్టాలా, పక్కన పెట్టినా చాలా? మీరు చేసి చూసినది ఏదైనా, విఫలమైనది అయినా సరే, దయచేసి రాయండి.