టీచరు పేరిస్తేనే గిఫ్టెడ్ పరీక్షా, అందరికీ పెట్టాలా?

పాప అమ్మ:
మా పాపకి గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లో, అంటే బాగా తెలివైన పిల్లలకి స్కూల్లో విడిగా నడిపే చదువులో, చోటు రాలేదు. ఐక్యూ కటాఫ్ 130, తనకి వచ్చింది 127. బాధ లేదని అనను. కానీ రెండ్రోజులుగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటుంది. తన పక్కన కూర్చునే బాబు, టీచరు లెక్క బోర్డు మీద రాస్తుండగానే జవాబు చెప్పేస్తాడట. ఆ తర్వాత పీరియడంతా పెన్సిల్ చెక్కుతూ, ఆ పొట్టుని డెస్కు మీద వరసగా పేర్చుకుంటూ కూర్చుంటాడట. వాడు అసలు పరీక్షే రాయలేదు. టీచరు వాడి పేరు ఇవ్వలేదు, మనమే అడగొచ్చని వాళ్ళింట్లో తెలియదు. మా పాప పరీక్ష దాకా వెళ్ళిందంటే నేను నాలుగుసార్లు స్కూలు చుట్టూ తిరిగాను కాబట్టే. ఇదేం పద్ధతి?

ఇరవయ్యేళ్ళ టీచర్:
మీ బాధ అర్థమైందండీ. కానీ తప్పంతా టీచర్ల మీదకి నెట్టకండి. గంటసేపు పరీక్షలో కనపడనివి ఏడాదంతా చూసే మాకు కనపడతాయి. ఇప్పుడు నాలుగేళ్ళ పిల్లల చేత కూడా ఆకారాల వర్క్‌బుక్కులు రుద్దిస్తున్నారు. 'తర్వాత వచ్చే బొమ్మ ఏది' అని అడగ్గానే 'ఇది ఇంట్లో చేశాను' అన్న పిల్లని నేనే చూశాను. అందరికీ పరీక్ష అంటే అందరికీ కోచింగే.

ఇద్దరు పిల్లల నాన్న:
టీచర్ గారూ, కోచింగ్ గురించి మీరన్నది నిజమే. కానీ ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో ఏం జరిగిందో చూడండి. మొదట్లో అక్కడా టీచరో, తల్లిదండ్రులో చెబితేనే పరీక్ష. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ స్క్రీనింగ్, అంటే తొలి వడపోత పరీక్ష, మొదలుపెట్టారు. అర్హత మార్కులు తగ్గించలేదు. అయినా పేదింటి పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు ఎంపికవడం బాగా పెరిగింది. ఆ పిల్లలు కొత్తగా ఎక్కడినుంచో ఊడిపడలేదు కదండీ! అంతకుముందూ అవే క్లాసుల్లో ఉన్నారు, ఎవరి కంటా పడలేదు.

అలాగని కటాఫ్‌ని నెత్తిన పెట్టుకోమని కాదు. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వవేత్త 1921లో తెలివైన పిల్లల్ని ఏరి పెద్ద అధ్యయనం మొదలుపెట్టాడు. అందులో మార్కులు చాలక బయటే ఉండిపోయిన ఇద్దరు, విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, ఫిజిక్స్‌లో నోబెల్ తెచ్చుకున్నారు, 1956లో ఒకరు, 1968లో ఒకరు. అదే పిల్ల ఇంకో రోజు రాస్తే మూడు నాలుగు పాయింట్లు అటూ ఇటూ అవడం మామూలు. 127కీ 130కీ మధ్య గోడ కట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇరవయ్యేళ్ళ టీచర్:
ఒప్పుకుంటాను. పేర్లు రాయమంటే నాకు ముందు గుర్తొచ్చేది చెప్పిన మాట వినే పిల్లలు, చేతిరాత బాగున్న పిల్లలు. పెన్సిల్ చెక్కే బాబు నా క్లాసులో ఉంటే 'కుదురు లేదు' అని రాసి ఉండేదాన్నేమో. కానీ పాపని 127 దగ్గర ఆపింది పరీక్షే, టీచరు కాదు. పరీక్ష అందరికీ పెట్టండి, కాదనను. దాని తర్వాత మా మాటకీ విలువ ఉండాలి.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇది బాగుంది. ఇంకొకటి: కాగ్యాట్ (పిల్లల ఆలోచనాశక్తిని కొలిచే పరీక్ష) లాంటి వాటిల్లో మాటలకి, అంకెలకి, ఆకారాలకి విడివిడిగా స్కోరు వస్తుంది. మూడూ కలిపి ఒక్క అంకె చేస్తే లెక్కల్లో దూసుకుపోయే పిల్లాడు చదవడంలో వెనకబడి మొత్తంగా ఆగిపోతాడు. మా పెద్దాడికి అదే జరిగింది. వాడిని లెక్కల పీరియడ్‌కి పై క్లాసులో కూర్చోబెడితే చాలు, గిఫ్టెడ్ అన్న పేరు అక్కర్లేదు. అడిగితే టైంటేబుల్ కుదరదన్నారు.

పాప అమ్మ:
పాప విడి స్కోర్లు ఇమ్మని ఇవాళే స్కూలుకి మెయిల్ పెట్టాను. పరీక్ష అడిగే ఫారం ఇంకోటి తెచ్చాను, సాయంత్రం బడి వదిలేటప్పుడు ఆ బాబు వాళ్ళమ్మకి ఇస్తాను. ఈ శుక్రవారమే ఆఖరు.