అప్‌డేట్: కెనడాలోని బ్రాంప్టన్‌లో పక్కపక్కనే రెండు స్కూళ్లు, పాపని ఎక్కడ వేశామంటే

పోయిన నెల అడిగాను కదా, మా ఇంటి దగ్గర ఒకే కంచెకి అటు కాథలిక్ స్కూలు, ఇటు మామూలు పబ్లిక్ స్కూలు, రెండూ మా ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తాయి, ఫీజు లేదు, మరి పాపని దేంట్లో వేయాలని. పబ్లిక్‌లోనే వేశాం. నిజానికి మా ఆవిడకి యూనిఫాం ఉన్న కాథలిక్ స్కూలే నచ్చింది, కానీ ఆఫీసులో మొదటి మాటే బాప్టిజం సర్టిఫికెట్, పాపదో మాలో ఒకరిదో. హైస్కూలుకైతే ఎవరైనా రావచ్చట.

కాథలిక్ స్కూళ్లకి ప్రభుత్వం డబ్బివ్వడం గురించి ఎవరో "ఇది ఎప్పటికైనా తీసేస్తారు" అన్నారు. అంత తేలిక కాదు. కెనడా 1867 రాజ్యాంగంలోనే, సెక్షన్ 93లో, కాథలిక్ స్కూళ్ల హక్కు రాసుంది. అలాగని అసాధ్యమూ కాదు, క్యూబెక్ రాష్ట్రం 1997లో రాజ్యాంగ సవరణ తెచ్చుకుని దీన్నుంచి బయటపడింది, న్యూఫౌండ్‌లాండ్ ఆ మరుసటి ఏడాది. 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఒక్క మతానికే డబ్బివ్వడం వివక్ష అని తేల్చినా ఒంటారియో కదల్లేదు. ఇక్కడ ఫ్రెంచ్‌వి కూడా కలిపి నాలుగు వ్యవస్థలు, స్కూళ్లని నడిపే బోర్డులు 72!

తమాషా ఏంటంటే, బ్రాంప్టన్ ఉన్న మా పీల్ ప్రాంతంలో స్కూల్ బస్సుల ఏర్పాట్లు మాత్రం రెండు ఇంగ్లిష్ బోర్డులూ (పబ్లిక్, కాథలిక్) కలిసే చూసుకుంటాయి. బస్సుల్లో కుదిరింది బిల్డింగుల్లో ఎందుకు కుదరదో నాకైతే అర్థం కాలేదు. పాపకి ఆ టెన్షన్ ఏమీ లేదు, రిసెస్‌లో కంచె సందులోంచి పక్కింటి పిల్లతో కబుర్లు చెప్తోంది.